అపరాధం అంటే తప్పా, జరిమానానా?



మన ఇళ్ళలో "అపరాధం కట్టొచ్చాం" అంటాం. కరెంటు బిల్లు గడువు దాటితే అపరాధం, లైబ్రరీ పుస్తకం ఆలస్యమైతే అపరాధం, టికెట్ లేకుండా రైలెక్కితే అపరాధం. తమిళంలో ఆ మాటకు జరిమానా డబ్బు అని అర్థం. బడిలో తమిళ మీడియంలో చదివిన మా చెవికి ఇప్పటికీ అది డబ్బుగానే వినిపిస్తుంది. ఉద్యోగం ముగిశాక తెలుగు పుస్తకాలు చదువుతుంటే అక్కడ అపరాధం అంటే చేసిన తప్పు, అపరాధి అంటే ఆ తప్పు చేసినవాడు.

తప్పుకూ, దానికి కట్టే డబ్బుకూ ఒకే మాట ఉండడం పైకి చిన్న సంగతే. జరిమానా నోటీసు మనింటి గుమ్మం ఎక్కిన రోజు మాత్రం అదే పెద్ద చిక్కు. జరిమానా వేశారంటే తప్పు చేసే ఉంటాడని వీధి వీధంతా అనుకుంటుంది. పోనీ కట్టేసి పరువు కాపాడుకుందాం అని ఇంట్లోవాళ్ళు అంటారు. కట్టేస్తే ఒప్పుకున్నట్టే అవుతుందేమో అని ఇంకొకరు అంటారు. కోర్టులు మాత్రం తప్పునూ డబ్బునూ విడదీసి చూస్తాయి. ఈసారి మేము రాస్తున్నది ఆ విడదీయడం గురించే.

ఇప్పుడెందుకంటే, మన సభ్యుల్లో ఒకరి కొడుకు ఒక నగల కొట్టులో మేనేజరు. మనీలాండరింగ్ చట్టం కింద కొట్టుకు ఒక ప్రిన్సిపల్ ఆఫీసరు ఉండాలని, ఆ కాగితాల్లో నీ పేరు వేసి సంతకం పెట్టమని యజమాని అడిగాడట. "ఉట్టి లాంఛనమే" అన్నాడట. తండ్రి మా దగ్గరకు వచ్చి, "అన్నా, రేపు అపరాధం పడితే యజమాని మీద పడుతుందా, మావాడి మీద పడుతుందా? పెట్టనంటే ఉద్యోగం ఉంటుందా?" అని అడిగాడు. పిల్లవాడికి నెల జీతమే ఆధారం. ఇంట్లో చెల్లెలి పెళ్ళి ఉంది. ఊరికే ధైర్యం చెప్పి పంపే ప్రశ్న కాదిది.

మన సంఘంలో నగల కొట్లవాళ్ళు ఉన్నారు, ఇళ్ళస్థలాల బ్రోకర్లు ఉన్నారు, బ్యాంకుల్లో పనిచేసే పిల్లలు ఉన్నారు, ఆడిటర్లు ఉన్నారు. అందుకే తండ్రికి చెప్పినదాన్ని అందరికీ రాస్తున్నాం.

పేపర్లలో పిఎంఎల్‌ఎ అని వచ్చే చట్టం 2002 నాటిది, అమల్లోకి వచ్చింది 2005 జులై 1న. నేరం చేసి సంపాదించిన సొమ్మును మంచి సొమ్ముగా మార్చి చలామణి చేయకుండా ఆపడం దాని పని. పేపర్లో మనకు కనిపించేది ఈడీ సోదాలు, మంత్రుల అరెస్టులు, కోట్ల ఆస్తుల జప్తు. అది ఒక ముఖం. రెండో ముఖం నేరం చేయనివాళ్ళ వైపు తిరిగి ఉంటుంది. బ్యాంకులూ కొన్ని రకాల వ్యాపారులూ తమ దగ్గరకు వచ్చే మనిషి ఎవరో తెలుసుకోవాలి, లావాదేవీల కాగితాలు 5 ఏళ్ళు దాచాలి, పెద్ద నగదూ అనుమానం కలిగించే వ్యవహారమూ ఉంటే ఢిల్లీలోని ఆర్థిక నిఘా విభాగానికి తెలియజేయాలి. ఎఫ్‌ఐయు అంటారు దాన్ని. ఆర్థిక శాఖ కింద ఉంటుంది.

2020 డిసెంబరు 28 నోటిఫికేషన్లతో ఇది మన వీధిలోకి వచ్చింది. ఒక కొనుగోలుదారుతో 10 లక్షలు, ఆపైన నగదు వ్యవహారం చేసే నగల వ్యాపారులు, ఏడాదికి 20 లక్షలు, ఆపైన టర్నోవరు ఉన్న రియల్ ఎస్టేట్ ఏజెంట్లు ఈ బాధ్యత కిందకు వచ్చారు. పది లక్షలు ఒకేసారి ఇచ్చినా, ఒకదానికొకటి సంబంధం ఉన్నట్టు కనిపించే నాలుగు విడతల్లో ఇచ్చినా లెక్క ఒకటే. నిజానికి ఆదాయపు పన్ను చట్టమే ఒకరి దగ్గర ఒక రోజులో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదంటుంది. దాన్ని పాటించేవాడికి ఈ చిక్కు చాలావరకు రాదు. 2023 మేలో చార్టర్డ్ అకౌంటెంట్లు కూడా, ఖాతాదారు తరఫున ఆస్తి కొనడం, అమ్మడం, డబ్బు నిర్వహించడం లాంటి కొన్ని పనులు చేసేటప్పుడు, దీని కిందకు వచ్చారు.

ఈ బాధ్యత నెరవేర్చకపోతే ఏమవుతుందో చెప్పేది 13వ సెక్షను. ఎఫ్‌ఐయు డైరెక్టరు చేతిలో నాలుగు దారులు పెట్టింది ఆ సెక్షను. రాతపూర్వకంగా హెచ్చరించవచ్చు. ఫలానా విధంగా పాటించమని ఆదేశించవచ్చు. ఇన్ని రోజులకొకసారి నివేదిక పంపమనవచ్చు. లేదా డబ్బు జరిమానా వేయవచ్చు. అది 10,000 రూపాయలకు తగ్గకుండా, 1 లక్ష దాకా, "ఒక్కో వైఫల్యానికి". ఆ జరిమానాను సంస్థ మీద వేయవచ్చు, బాధ్యత అప్పగించిన డైరెక్టరు మీద వేయవచ్చు, సంస్థ ఉద్యోగుల్లో ఎవరి మీదైనా వేయవచ్చు. తండ్రి ప్రశ్నకు జవాబు ఈ చివరి ముక్కలోనే ఉంది. పడవచ్చు.

"ఒక్కో వైఫల్యానికి" అన్న మాటను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. 2024 ఫిబ్రవరిలో పేటీఎం పేమెంట్స్ బ్యాంకుకు ఎఫ్‌ఐయు వేసిన జరిమానా 5 కోట్ల 49 లక్షలు. ఒక్కోదానికి గరిష్ఠం లక్షే కాబట్టి కనీసం 549 వైఫల్యాలు లెక్కకు వచ్చి ఉండాలి. లక్ష అనే చిన్న అంకె లెక్కపెట్టే తీరును బట్టి కోట్లవుతుంది. అందుకే మొత్తం ఎంత అని అడిగే ముందు ఎన్ని, ఏవి, ఎలా లెక్కపెట్టారు అని అడగాలి.

ఇది మాకు రైల్వే పద్దుల్లో అలవాటైన పాఠం. మేము కమర్షియల్ క్లర్కుగా పనిచేశాం. ఒక పార్సిల్ మీద ఛార్జి తక్కువ వసూలైందని ట్రాఫిక్ అకౌంట్స్ ఆఫీసు అనుకుంటే స్టేషనుకు ఎర్రర్ షీట్ పంపేది. అందులో వే బిల్లు నంబరు, దూరం, బరువు, రేటు, వసూలు కావలసింది ఎంత, అయింది ఎంత, తేడా ఎంత, అన్నీ వరుసగా ఉండేవి. లెక్క సరేననుకుంటే డెబిట్ ఒప్పుకోవడం, లేదంటే కారణం రాసి తిప్పి పంపడం. నలభై రూపాయల డెబిట్టుకు కూడా అంత లెక్క చూపేవాళ్ళు. లెక్క లేని డెబిట్ కాగితం మీద సంతకం పెట్టే క్లర్కు ఏ స్టేషనులోనూ ఉండడు.

కోర్టులు కూడా జరిమానా దగ్గర ఇలాంటి ప్రశ్నలే వేస్తాయి. ఆ చట్టం ఈ మనిషికి వర్తిస్తుందా? వర్తిస్తే, జరిమానా వేయదగిన తప్పు చేశాడా? చేస్తే, ఇంత మొత్తం ఎలా వచ్చింది? ఒకదానికి అవును అంటే మిగిలిన రెండింటికీ అవును అన్నట్టు కాదు.

ఒడిశాలో ఉన్న మనవాళ్ళకు రూర్కెలా ఉక్కు కర్మాగారం తెలిసిందే. అది కట్టే రోజుల్లో హిందుస్థాన్ స్టీల్ సంస్థ కాంట్రాక్టర్లకు నిర్మాణ సామాను ఇచ్చి, దాని ధర వాళ్ళ బిల్లుల్లో సర్దుకునేది. అది అమ్మకమే, నువ్వు డీలరుగా నమోదు కాలేదు అని అమ్మకపు పన్ను అధికారులు పన్నుతోపాటు జరిమానా కూడా వేశారు. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. 1969లో కోర్టు చెప్పిన సారం ఇది: జరిమానా వేసే అధికారం ఉన్నంత మాత్రాన ప్రతిసారీ వేయాలని లేదు. తెలిసి తెలిసి చట్టాన్ని ధిక్కరించినా, నిజాయితీ లేకుండా నడుచుకున్నా, తన బాధ్యతను బొత్తిగా లెక్కచేయకపోయినా వేయాలి. ఆ చట్టం తనకు వర్తించదని నిజంగా నమ్మినవాడి మీద వేయకూడదు. ఆ జరిమానా నిలవలేదు. ఇది మనీలాండరింగ్ కేసు కాదు, కానీ జరిమానా మీద కోర్టుకెళ్ళే ప్రతివాళ్ళూ ఈ నాటికీ ముందు పట్టుకునేది దీన్నే.

మనీలాండరింగ్ చట్టం కింద అలాంటి కేసు పేపాల్‌ది. విదేశాల నుంచి మనవాళ్ళకు రావలసిన డబ్బును ఆన్‌లైన్‌లో చేరవేసే సంస్థ అది. నువ్వు మా దగ్గర నమోదు కావాలి, వివరాలు పంపాలి అని ఎఫ్‌ఐయు 2018 నుంచీ అడుగుతోంది. నేను సాంకేతిక వేదికను మాత్రమే, ఈ చట్టం నాకు వర్తించదు అని పేపాల్ రాతపూర్వకంగా జవాబిస్తూ వచ్చింది. 2020 డిసెంబరు 17న ఎఫ్‌ఐయు 96 లక్షల జరిమానా వేసింది. పేపాల్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. ఆ 96 లక్షలకూ బ్యాంకు గ్యారంటీ ఇస్తే జరిమానా ఆపుతాం అని 2021 జనవరిలో కోర్టు అన్నది. 2023 జులై 24న ఒక న్యాయమూర్తి తీర్పు ఇచ్చారు.

తీర్పులో రెండు సగాలున్నాయి. మొదటి సగంలో పేపాల్ ఓడింది. చట్టం నీకు వర్తిస్తుంది, నువ్వు బాధ్యతలు నెరవేర్చాల్సిందే అన్నది కోర్టు. రెండో సగంలో గెలిచింది. జరిమానా రద్దయింది. ఎందుకంటే వర్తిస్తుందా లేదా అన్నది నిజంగానే సందేహం ఉన్న ప్రశ్న. వేరే చట్టం కింద పేపాల్ ఆ కోవలోకి రాదని రిజర్వు బ్యాంకే చెప్పి ఉంది. సంస్థ దాక్కోలేదు, జవాబులివ్వకుండా ఉండలేదు. మన మాటలో చెప్పాలంటే, తమిళ అపరాధం పోయింది, బాధ్యత మాత్రం మిగిలింది.

దీన్ని చదివి, "తెలియదండీ అంటే చాలు, అపరాధం పోతుంది" అనుకునేవాళ్ళు ఉంటారు. అలా కాదు. 2006లో సెబీకీ శ్రీరామ్ మ్యూచువల్ ఫండ్‌కూ మధ్య కేసులో సుప్రీంకోర్టు వేరే దారి చూపింది. చట్టం చెప్పిన బాధ్యతను ఉల్లంఘిస్తే ఇలాంటి సివిల్ జరిమానాకు అది చాలు, చెడు ఉద్దేశం ఉందని నిరూపించనక్కర్లేదు అన్నది. ఈ రెండు తీర్పులూ పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి. మన కేసు ఏ వైపు వాలుతుందో నిర్ణయించేది ముఖ్యంగా మన ఫైలే. పేపాల్‌ను కాపాడింది తెలియకపోవడం కాదు, సందేహం ఉన్నదని ఆనాడే రాసి పంపిన ఉత్తరాలు.

ఇక మూడో ప్రశ్న, మొత్తం సంగతి. దీనికి మంచి ఉదాహరణ కెనడాలో ఉంది. అక్కడా నేరపు సొమ్ము చట్టం ఒకటుంది, దాన్ని చూసే ఫిన్‌ట్రాక్ అనే సంస్థ ఉంది. కాబూల్ ఫార్మ్స్ అనే చిన్న వ్యాపారానికి ఆ సంస్థ 6,000 డాలర్ల జరిమానా వేసింది. కోట్లాటకు అయ్యే ఖర్చుతో పోలిస్తే చిన్న మొత్తమే. అయినా ఆ వ్యాపారం కోర్టుకెళ్ళింది. తప్పు జరగడం ఒక సంగతి, ఈ అంకె ఎలా వచ్చింది అన్నది ఇంకో సంగతి అని కోర్టు చూసింది. గరిష్ఠ మొత్తంలో ఇంత భాగం అని ఎక్కడి నుంచి తీశారో ఉత్తర్వులోనూ లేదు, ఫైలులోనూ లేదు. లెక్క చూపకపోతే అది న్యాయమో కాదో మేమెలా తేల్చగలం అన్నట్టుగా జరిమానా కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళినా 2016లో ఫెడరల్ అప్పీలు కోర్టు కూడా అదే మాట మీద నిలబడింది. ఆ తర్వాత ఫిన్‌ట్రాక్ తన జరిమానాల లెక్క విధానాన్ని తిరగరాసి 2019లో అందరికీ తెలిసేలా ప్రకటించింది. చిన్న మొత్తం కదా అని కట్టేసి ఉంటే ఆ మార్పు వచ్చేది కాదు.

బ్రిటన్‌లో తప్పు రుజువైన మనిషి విషయంలో కూడా లెక్క సరిచూశారు. ఒకతను అబద్ధపు వివరాలతో అప్పు తెచ్చి లండన్‌లో ఫ్లాటు కొన్నాడు. ధరలో 60 శాతం అప్పు, మిగిలింది సొంత డబ్బు. నేరపు సొమ్ము చట్టం కింద కింది కోర్టు అతని మీద విధించిన మొత్తం 15,40,000 పౌండ్లు. అప్పీలు కోర్టు దాన్ని 11,10,000 చేసింది. 2012లో సుప్రీంకోర్టు 3,92,400కు దించింది. అతను తెచ్చిన అప్పు తిరిగి తీరిపోయింది, సొంత డబ్బు నేరపు సొమ్ము కాదు, కాబట్టి ఫ్లాటు ధర పెరిగినదాంట్లో ఆ అప్పు వాటా వరకే తీసుకోవాలి అన్నది. దోషికి కూడా లెక్క అడిగే హక్కు ఉందన్నమాట.

హక్కు ఉందంటే దారి సుగమం అని కాదు. ఎఫ్‌ఐయు ఉత్తర్వు చేతికందిన రోజు నుంచి 45 రోజుల్లో అప్పీలేట్ ట్రిబ్యునలుకు వెళ్ళాలి. అది ఉన్నది ఢిల్లీలో. జరిమానాను ఉంచడం, మార్చడం, కొట్టేయడం దాని చేతిలో ఉంటుంది. అక్కడ ఓడితే 60 రోజుల్లో హైకోర్టు. మనకైతే మద్రాసు హైకోర్టు. పేపాల్ లాంటి సంస్థ 96 లక్షలకు బ్యాంకు గ్యారంటీ ఇవ్వగలదు. నెల జీతగాడు ఢిల్లీకి రెండుసార్లు టికెట్ తీసుకోవడమే కష్టం. ఇందులో అన్యాయం ఉంది. దాన్ని మనం దాచి మాట్లాడనక్కర్లేదు. అపరాధం ఎవరి మీదైనా పడగలిగినంత సులువుగా అప్పీలు అందరికీ అందదు.

అందుకే మన పోరాటం ఢిల్లీలో కాదు, షోకాజ్ నోటీసుకు రాసే జవాబులో మొదలవ్వాలి. రేపు ఏ కోర్టుకెళ్ళినా జడ్జి ముందు తెరుచుకునేది ఆ ఫైలే. జవాబులో అడగవలసినవి ఇవి. ఏ తేదీన, ఏ వైఫల్యం? మొత్తం ఎన్ని అని ఎలా లెక్కపెట్టారు? ఒక్కోదానికి ఇంత అని ఎందుకు? హెచ్చరికో ఆదేశమో ఎందుకు సరిపోదు? నాలుగు దారులిచ్చిన సెక్షనులో నాలుగోదాన్నే ఎందుకు పట్టుకున్నారు? ఇవి అడిగితే అధికారికి కోపం వస్తుందని భయపడేవాళ్ళు మనలో ఎక్కువ. మర్యాదగా రాస్తే ఎవరికీ కోపం రాదు. వచ్చినా ఆ ప్రశ్న ఫైలులో ఉండిపోతుంది.

నగల కొట్టు పిల్లవాణ్ణి పిలిపించి మాట్లాడాం. "పెదనాయనా, సంతకం వద్దంటారా?" అన్నాడు. వద్దనలేదు. అధికారం లేని బాధ్యతకు మాత్రం సంతకం వద్దన్నాం. నియామకం రాతపూర్వకంగా ఇవ్వాలి. నగదు పుస్తకం, కొనేవాళ్ళ గుర్తింపు కాగితాలు ఎప్పుడు అడిగినా చూపాలి. నివేదిక పంపవలసిన విషయాన్ని యజమాని ఆపమంటే ఆ ఆపమన్నది కూడా కాగితం మీద ఉండాలి. పంపిన ప్రతిదానికీ రసీదు జాగ్రత్త చేయాలి. ఈ మాటలు చెప్పాక యజమాని వారం రోజులు సరిగా మాట్లాడలేదట. ఆ వారం ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. తర్వాత ఉత్తరం ఇచ్చాడు. నగదు పుస్తకం ఇప్పుడు పిల్లవాడి బల్ల మీదకు వస్తోంది. మన పిల్లలందరికీ అలాంటి యజమాని దొరుకుతాడని మేము చెప్పలేం. దొరకని చోట ఆ సంతకం ఖరీదు ఎంతో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవాలి.

మన సంఘం ఖాతాకు సంబంధించి కూడా ఒక మాట. ట్రస్టులు, సొసైటీల వివరాలు నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో నమోదై ఉండేలా బ్యాంకులు చూడాలని 2023 మార్చిలో ఈ చట్టం నిబంధనలు మార్చారు. ఆ బాధ్యత బ్యాంకుది. చేయకపోతే అపరాధం పడేది బ్యాంకు మీద, అక్కడ కూర్చున్న ఉద్యోగి మీద. కాబట్టి బ్యాంకులో అమ్మాయి మళ్ళీ మళ్ళీ కాగితాలు అడుగుతోందని మన కోశాధికారిగారు విసుక్కోవద్దని మనవి. ఆ అమ్మాయి కూడా ఎవరింటి పిల్లో.

మన సభ్యుల్లో ఎవరికైనా ఈ చట్టం కిందగానీ, మరే చట్టం కిందగానీ జరిమానా నోటీసు వస్తే సిగ్గుపడి బీరువాలో పెట్టకండి. అది చేతికందిన తేదీ కవరు మీదే రాసుకోండి. కవరు పారేయకండి. మరుసటి రోజే మనలో వకీలు ఒకరికి చూపించండి. నెలవారీ కూటానికి ఇంకా ఇరవై రోజులుంది కదా అని ఆగితే 45లో 20 పోతాయి.